సున్నా నంబరు ఊరు

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మా వీధిలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలు నలుగురున్నారు. సాయంత్రం నడకలో కనబడితే "అంకుల్, మీ టైంల కంప్యూటర్లు ఎట్లుండేవి?" అని అడుగుతారు. ఆకుపచ్చ అక్షరాల మానిటర్ గురించి, గరగరలాడే ప్రింటర్ గురించి చెప్పి నవ్విస్తాను. ఒక వర్షాకాలం గురించి మాత్రం వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. చెడ్డపేరు రావలసింది నాకొక్కడికే. మిగిలినవాళ్లను అడిగి రాస్తున్నది కాదు ఇది.

తొంభైల మొదట్లో నేను భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానాలో పనిచేసేవాణ్ణి. అంతకుముందు హైదరాబాదులో ఒక ఆఫీసులో కోబాల్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామ్‌లు రాశాను. మా ఆవిడకు ఇటువైపు టీచర్ ఉద్యోగం రావడంతో ఆమె వెనకాలే వచ్చాను. అదే సమయంలో దవాఖానాకు ఎవరో దాతలు ఒక కంప్యూటర్ ఇచ్చారు. దాన్ని నడపడం తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఇంటర్వ్యూ అయిదు నిమిషాలు కూడా సాగలేదు.

ఆ గదికి నేనే రాజును. దుమ్ము పడకూడదని చెప్పి అందరిచేతా గుమ్మం దగ్గర చెప్పులు విడిపించేవాణ్ణి. దవాఖానాను చూసే పెద్ద డాక్టరమ్మ కూడా, అరవై ఏళ్ల మనిషి, గోడ పట్టుకుని చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారు. బయటినుంచి ఎవరైనా వస్తే ముందు ఆ గదికే తీసుకొచ్చి, "ఇదంతా మా సారు చేసిండు" అని నా కుర్చీ వెనక నిలబడి చూపించేవారు. ఆ మాట నాకు బాగా అలవాటైపోయింది.

దవాఖానా ముఖ్యమైన పని క్షయ రోగులకు మందులు అందించడం. జీపు వారానికి నాలుగు రోజులు అడవి ఊళ్లకు వెళ్లి, వారానికి సరిపడా మాత్రలు ఇచ్చి వచ్చేది. ఏ రోజు ఏ ఊళ్లకు వెళ్లాలి, ఏ ఊరిలో ఎవరికి ఏ మాత్రలు ఇవ్వాలి అన్నది ఒక షీటు మీద నేను ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి. ఆ షీటు చూసే మందుల గదిలో పొట్లాలు కట్టేవాళ్లు. ఆ షీటు చూసే డ్రైవర్ బండి తిప్పేవాడు. షీటు మీద లేని ఊరికి మందు వెళ్లదు. అంత నమ్మకం దాని మీద.

నా ప్రోగ్రామ్‌లో ఒక షీటుకు ఆరు ఊళ్లు పట్టేవి. నాలుగే ఉంటే మిగిలిన రెండు గళ్లలో తొంభై తొమ్మిది అని నంబరు వేసేవాణ్ణి, అంటే ఖాళీ అని గుర్తు. ఏడుంటే రెండు షీట్లు. డ్రైవర్ ముసలాయన, ఎగతాళి మనిషి. "సార్, ఈ తొంభై తొమ్మిదో ఊరు ఏడున్నది? రోజూ రాస్తున్నవు, ఒక్కసారి సూడాలె" అనేవాడు. వార్డు ఆయాలు కిసుక్కుమనేవాళ్లు. నాకు మండేది, కానీ ఆ గళ్ల పద్ధతి తప్ప ఇంకోటి నాకు తెలియదు.

ఒక ఏడు వానలు వెనకబట్టాక ఒక నర్సు వచ్చింది, అందరం సిస్టర్ అనేవాళ్లం. దమ్మపేట వైపు రైతుల బిడ్డ, క్రైస్తవ కుటుంబం. పాతికేళ్లు ఉండవచ్చు. నర్సింగ్ చదివి మా దవాఖానాలో చేరింది. జీపు వెంట తిరిగే డ్యూటీ ఆమెది. షీటులో తప్పుంటే ముందు ఆమెకే కనిపించేది. ఒకరోజు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "సార్, ఈ షీటు ఎట్ల తయారైతదో నేను చూడొచ్చా?" అంది. చూడమన్నాను. అప్పుడు నాకు సంతోషంగానే ఉండింది. చూసి మెచ్చుకునేవాళ్లు ఎవరికి చేదు?

ఆరు నెలలు తిరక్కుండా ఆమె సి అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. ఎవరో వచ్చి వెళ్లిన డాక్టరు వదిలేసిన పుస్తకం ఒకటి దవాఖానా లైబ్రరీలో ఉండేది. నేను దాన్ని తెరిచి చూసినవాణ్ణి కాదు. ఆమె దాన్ని డ్యూటీ లేని పూటల్లో చదివి, తెల్లకాగితాల మీద ప్రోగ్రామ్‌లు రాసుకుని, నా దగ్గర కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టి చూసేది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి కొత్త షీటు ప్రింటు తీసి చూపించింది. అందులో తొంభై తొమ్మిది లేదు. మూడు ఊళ్లుంటే మూడు, తొమ్మిదుంటే తొమ్మిది. అంతే.

"గళ్లు ఎన్ని పెట్టినవు?" అని అడిగాను.

"గళ్లు పెట్టలేదు సార్. ఎన్ని ఊళ్లిస్తే అన్ని తీసుకుంటది."

ఆమె కాగితం చూశాను. ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లలో రోజు పేరు, తర్వాత మూడు చుక్కలు. అచ్చుతప్పేమో అనుకున్నాను. నిజంగా. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మూడు చుక్కలు ఏమిటో నాకు తెలియదు.

ఈ పని చేయనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఫంక్షన్ అంటే ఒక పని చేసే ప్రోగ్రామ్ ముక్క. మామూలుగా దానికి ఎన్ని విలువలు పంపాలో రాసేటప్పుడే నిర్ణయమైపోతుంది. మూడని రాస్తే మూడే పంపాలి. సి భాషలో మూడు చుక్కలు పెడితే ఆ చోట రెండు పంపినా పది పంపినా తీసుకుంటుంది. ఒకటే చిక్కు. ఎన్ని వచ్చాయో ఆ ఫంక్షన్‌కు దానంతటదే తెలియదు. ఇన్ని పంపుతున్నానని ముందే చెప్పాలి, లేకపోతే ఇక్కడితో అయిపోయిందని చివర ఒక గుర్తు పెట్టాలి. సిస్టర్ చివర గుర్తు పెట్టే పద్ధతి తీసుకుంది. ఊళ్ల నంబర్లు వరసగా రాసి చివర సున్నా. సున్నా కనబడగానే షీటు ముగుస్తుంది.

పెద్ద డాక్టరమ్మ ఆ షీటు చేత్తో పట్టుకుని వరండా అంతా తిరిగారు. "ఏమయ్యా, సిస్టర్ చేసింది చూసినవా? ఇన్నేండ్లు మనం ఆ తొంభై తొమ్మిదితోని అవస్థ పడ్డం" అన్నారు. మనం అన్నారు గాని, అవస్థ నాది అని అందరికీ తెలుసు. ముసలి డ్రైవర్ అయితే, "పాపం, ఆ ఊరు సూడకుండనే రిటైరైత" అన్నాడు.

ఆ రోజు నుంచి నా కుర్చీ పక్కన ఆమెకొక స్టూలు పడింది. అతిథులు వస్తే డాక్టరమ్మ ఆ స్టూలు వెనక నిలబడడం మొదలుపెట్టారు. "సిస్టర్ చేసింది." ఒకరోజు ఆ మాట లెక్కపెట్టాను. మధ్యాహ్న భోజనం లోపే తొమ్మిదిసార్లు.

నేను చేసిన చిల్లర పనులు రాస్తే మీకు నవ్వొస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా దగ్గర వోల్టేజీ పడిపోయేది, స్టెబిలైజర్ టకటకమని కొట్టుకునేది. ఆమెకు మిషన్ ఆ రెండు గంటలే కేటాయించాను. ప్రోగ్రామ్‌లు దాచుకునే ఫ్లాపీల పెట్టెకు తాళం వేశాను. ఆమె ప్రోగ్రామ్‌లో రాసుకున్న ఇంగ్లీషు వాక్యాల్లో స్పెల్లింగులు ఎర్ర ఇంకుతో దిద్ది ఇచ్చాను. ఆమె "థాంక్యూ సార్" అని దిద్దుకుంది. దాంతో ఇంకా మండింది. నిష్ఠూరమాడినా బాగుండేది.

ఇంట్లో కూడా అదే గోల. ఒకరోజు మా ఆవిడ పప్పు వడ్డిస్తూ ఆగింది.

"ఒకటడుగుతా, కోపం తెచ్చుకోకు. ఆ పిల్ల ముచ్చట లేకుంటే నీకు బుక్క దిగుతలేదా?"

"నేనేమన్నా? పని సరిగ్గ రాదు అన్న."

"సరిగ్గ రాకపోతే నువ్వు ఇంత ఏడ్వవు" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను ఖమ్మం వెళ్లినప్పుడు సి పుస్తకం ఒకటి కొన్నాను. ఎవరికీ చెప్పలేదు. నెల రోజులు చదివాను, ఆమె రాసిన ప్రోగ్రామ్‌లో తప్పు పట్టుకోవడానికి. ఒక మనిషి రాసింది నేను అంత శ్రద్ధగా అంతకుముందు చదవలేదు, ఆ తర్వాతా చదవలేదు. ఒక్కొక్క లైను చదివి, పెన్సిల్‌తో టిక్కు పెట్టి, కిందికి దిగాను. మూడు చుక్కల ఫంక్షన్ దగ్గర ఆగాను. చివర గుర్తు సున్నా.

ఊళ్ల రిజిస్టర్ నా బీరువాలో ఉండేది. ఊళ్లకు నంబర్లు వేసింది నేనే. కంప్యూటర్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుందని ఎక్కడో విని, అది తెలిసినవాణ్ణని చూపించుకోవడానికి మొదటి ఊరికి సున్నా వేశాను. ఆ ఊరు దవాఖానా వెనక వాగు దాటితే వస్తుంది. వాగులో నీళ్లు తక్కువున్నన్నాళ్లు అక్కడి రోగులు నడిచే వచ్చి మందులు తీసుకుపోయేవాళ్లు. అందువల్ల జీపు వెళ్లే ఊళ్ల జాబితాలో అది లేదు. సిస్టర్‌కు నేనిచ్చింది ఆ జాబితా. అది ఒకటి నుంచి మొదలవుతుంది. సున్నా నంబరు ఊరు ఒకటుందని ఆమెకు తెలిసే దారి లేదు. నాకు తెలుసు.

వాగు పొంగే రోజుల్లో ఆ ఊరు కూడా జీపు దారిలోకి వస్తుందన్నది కూడా నాకు తెలుసు. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. అప్పుడు ఆ సున్నా జాబితా మధ్యలో పడుతుంది. ఫంక్షన్ దాన్ని ముగింపు అనుకుంటుంది. తర్వాతి ఊళ్లన్నీ షీటు మీదికి రావు.

చెబుదామనే లేచాను. ఆ మాట నిజం. సిస్టర్ గుమ్మం దగ్గరే ఉంది. అదే నిమిషాన డాక్టరమ్మ ఎవరో ఇద్దరు పెద్దమనుషులతో వచ్చి, "ఈమెనే, నేను చెప్పిన సిస్టర్" అన్నారు. వాళ్లలో ఒకాయన నా వైపు తిరిగి, "మీరు ఇక్కడ టైపిస్టా?" అని అడిగాడు. నేను కూర్చున్నాను. ఎండాకాలంలో వాగు సంగతి ఇప్పుడెందుకు అనుకున్నాను.

వానలు పడ్డాయి. ఆ ఏడు జ్వరాలు ఎక్కువై వార్డుల్లో మంచాలు చాలక, జీపు డ్యూటీ సిస్టర్లను కూడా వార్డుకు వేశారు. షీట్లు తీసే పని తిరిగి నా చేతికొచ్చింది. ముసలి డ్రైవర్ అప్పటికి రిటైరయ్యాడు, కొత్తగా వచ్చినాయనకు దారులు తెలియవు. ఫీల్డు సూపర్‌వైజర్ వానాకాలం రూట్లు కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టి, జ్వరాల క్యాంపులకు వెళ్లిపోయాడు. బుధవారం రూటు అయిదు ఊళ్లు. మూడోది వాగవతలి ఊరు.

నంబర్లు కొట్టాను. పద్నాలుగు, తొమ్మిది, సున్నా, ఇరవై రెండు, అయిదు, చివర సున్నా. మధ్యలో సున్నా కొట్టేటప్పుడు నా వేలు ఆగింది. మరిచిపోయి కొట్టానని ఇన్నేళ్లలో నాకు నేను కూడా చెప్పుకోలేకపోయాను. షీటు రెండు ఊళ్లతో బయటికి వస్తుంది, ఎవరో ఒకరు వెంటనే అడుగుతారు, సిస్టర్‌ను పిలుస్తారు, నలుగురిలో ఆమె తెల్లమొహం వేస్తుంది, అప్పుడు నేను మెల్లగా లేచి తప్పు చూపిస్తాను. ఇంతే నేననుకున్నది. ఒక్క పూట సంగతి. మధ్యాహ్నంలోగా దిద్దిన షీటుతో జీపు వెళ్లిపోతుంది.

ఎవరూ అడగలేదు. వానాకాలంలో రూట్లలో ఊళ్లు తగ్గడం మామూలే. దారి తెగిందేమో అనుకున్నారు. కొత్త డ్రైవర్ షీటు చూసి, "ఇయ్యాల రెండేనా సార్?" అన్నాడు. అది ప్రశ్న కాదు, సంబరం. నేను తల ఊపాను.

సాయంత్రం చెప్పవచ్చు. చెప్పలేదు. రెండో బుధవారం వచ్చేసరికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఇప్పుడు చెబితే పోయిన వారం ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా. మూడో బుధవారం ఆ షీటు ప్రింటర్ నుంచి చింపి మడత పెట్టి, చూడకుండా ఇచ్చాను. నాలుగో వారం కూడా అంతే. మధ్యలో రెండుసార్లు, సున్నా తీసేసి ఆ ఊరికి వేరే నంబరు వేసి, ఎవరికీ తెలియకుండా సరిచేద్దామని కూర్చున్నాను. అలా చేస్తే సిస్టర్ తప్పు ఎప్పటికీ బయటపడదు. ఆ ఆలోచన రాగానే చేతులు వెనక్కి తీసుకున్నాను. అసూయ ఎంత దూరం తీసుకెళ్తుందో నాకు అర్థమైంది తర్వాతే. అప్పుడు మాత్రం అది నాకు న్యాయంగానే కనిపించింది.

అయిదో వారం సోమవారం వాన తెరిపిచ్చింది, వాగు కాస్త తీసింది. పొద్దున పది గంటలకు నలుగురు మనుషులు ఒక మంచం మోసుకుని వాగు దాటి వచ్చారు. మంచం మీద ముప్పయ్యేళ్ల ఆడమనిషి. దగ్గినప్పుడల్లా తువ్వాలకు నెత్తురు అంటుతోంది. వాళ్లలో వాళ్లు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. ఆమె తమ్ముడు నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, ఖాళీ మందు పొట్లాలు డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు.

"బుధారం బుధారం దారి మీద కూసున్నం అమ్మా. వానకు తడుసుకుంట కూసున్నం. జీపు రాలే. మా ఊరును కొట్టేసిండ్రా?"

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. షీట్లు తెప్పించారు. నాలుగు బుధవారాల షీట్లు, నాలుగింట్లోనూ రెండే ఊళ్లు. వాటిని ఆమె బల్ల మీద వరసగా పరిచారు. అయిదు నెలలు మాత్రలు మింగి కోలుకుంటున్న మనిషికి నెల రోజులు మందు ఆగిపోయింది. మధ్యలో మందు ఆగితే క్షయ తిరగబెట్టి పాత మాత్రలకు లొంగకపోవచ్చని ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

"సిస్టర్‌ను పిలువు" అన్నారు.

ఆమె వార్డు నుంచి పరుగున వచ్చింది. "ఇది నీ ప్రోగ్రామేనా? ఊళ్లెక్కడ పోయినయ్?" అని డాక్టరమ్మ అందరి ముందూ గట్టిగా అడిగారు. సిస్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఎన్నో నెలలుగా ఊహించుకున్న దృశ్యం అది. సరిగ్గా అలాగే జరిగింది. బయట వరండాలో ఆ మనిషి దగ్గు వినిపిస్తూనే ఉంది.

సిస్టర్ మిషన్ ముందు కూర్చుని తన ప్రోగ్రామ్ తెరిచి, ఒక్కో లైను వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. గంట గడిచింది. తప్పు ప్రోగ్రామ్‌లో వెతుకుతోంది, ఊళ్ల నంబర్లు కొట్టిన లైను దాకా ఇంకా రాలేదు. నేను భరించలేకపోయాను. "కొంచెం జరుగు" అని కూర్చుని, నేరుగా బుధవారం లైనుకు వెళ్లి, మధ్యలో సున్నాను చూపించాను. నిమిషం కూడా పట్టలేదు. బీరువాలోని ఊళ్ల రిజిస్టర్ తెచ్చి, ఆ ఊరికి వాడని నంబరు ఒకటి చూసి వేసి, అయిదు ఊళ్లతో షీటు తీశాను. అదే పూట జీపును పంపించారు. మిగిలిన రెండు ఊళ్లలో రోగులకు పెద్ద ప్రమాదం జరగలేదని సాయంత్రానికి తెలిసింది. అది నా అదృష్టం. నేను చేసిందేమీ లేదు.

"నువ్వు లేకపోతే ఏమైపోదుమయ్యా" అన్నారు డాక్టరమ్మ. నా భుజం మీద చెయ్యి వేశారు. నెలల తరబడి నేను ఎదురుచూసిన మాట అది.

అందరూ వెళ్లాక సిస్టర్ గదిలోనే నిలబడి ఉంది.

"ఇంత జల్దీ ఎట్ల దొరికింది సార్?"

"అనుభవం" అన్నాను.

ఆమె బల్ల మీదున్న ఊళ్ల రిజిస్టర్ తెరిచింది. మొదటి పేజీలో, పాతబడిన నా ఇంకుతో, సున్నా. రిజిస్టర్ మూసింది. నా పెన్సిల్ టిక్కులున్న తన ప్రోగ్రామ్ ప్రింటు ఫ్లాపీల పెట్టె కింద ఉంటే తీసి చూసింది. మూడు చుక్కల లైను దగ్గర నేను రెండు టిక్కులు పెట్టి, కింద గీత గీసి ఉంచాను.

"మీకు ముందే తెలుసు గద సార్" అంది. అడగలేదు, చెప్పింది.

నేను రిజిస్టర్ తీసి బీరువాలో పెట్టాను.

"నన్ను తిట్టించాలనుకుంటే తిట్టించొచ్చు సార్. డాక్టరమ్మ ముందటనే ఇది తప్పు అనొచ్చు. నేను ఏడ్చి దిద్దుకుందును. మధ్యల ఆ మంచం మీది ఆమె ఏం చేసింది?"

సిస్టర్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబుతుందేమోనని రోజూ ఎదురుచూశాను. వార్డుకు వెళ్లి మంచాల మధ్య పనిచేసుకుంది. చెప్పకపోవడం వల్ల కూడా ఆమె మీద నాకు కోపం వచ్చింది. నాకంటే మంచి మనిషి కావడానికి ఆమెకు ఏం హక్కు అనిపించింది. ఇంత నీచంగా ఆలోచించానని రాయడానికి ఇప్పుడు వేళ్లు మొండికేస్తున్నాయి.

మంచం మీద వచ్చిన మనిషికి వైద్యం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు, ఈసారి రోజూ ఇంజెక్షన్లతో. రెండు నెలలు వార్డులో ఉంది. దగ్గు తగ్గింది, నెత్తురు ఆగింది. ఆరో వారంలో నేను వార్డు మీదుగా వెళ్తుంటే ఆమె తమ్ముడితో మాట్లాడుతోంది. అవసరానికి మించి గట్టిగా. తమ్ముడు చెవి దగ్గర నోరు పెట్టి జవాబు చెబుతున్నాడు.

"ఏమైంది?" అని అక్కడి ఆయాను అడిగాను.

"ఆ సూదులతోని కొందరికి చెవులు పోతయ్ సార్. బంద్ చేసిండ్రు గని, పోయింది రాదంట."

ఆ రోజు ఇంటికి వెళ్లి మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఆమె వంటింటి గడప మీద కూర్చుని విన్నది. తర్వాత, "పోయి చెప్పిరా" అంది. "ఎవరికి?" అన్నాను. "నీకు తెల్వదా?" అంది.

మర్నాడు డాక్టరమ్మ గదికి వెళ్లి చెప్పాను. నంబరు సంగతి, టిక్కుల సంగతి, వేలు ఆగిన సంగతి. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను.

"తీసేస్తే ఇంటికి పోయి కూసుంటవు" అన్నారు. "గది తాళం సిస్టర్‌కు ఇయ్యి. ఆమె చెప్పిన పని చెయ్యి. ఆ వాగవతలి మనిషి ఇంటికి పోయినంక, కోర్సు అయిపోయేదాక ప్రతి బుధవారం జీపుల నువ్వే పోవాలె. మాత్ర నీ కండ్ల ముందట మింగాలె. ముందు వార్డుకు పో. నాకు చెప్పిందే వాళ్లకు చెప్పు."

తాళంచెవి సిస్టర్ చేతిలో పెట్టాను. సిగ్గుతో తల ఎత్తలేకుండా ఉన్నాను. అయినా ఆ తాళంచెవి ఆమె వేళ్లలోకి వెళ్లిన క్షణంలో అసూయ మళ్లీ భగ్గుమంది. ఆ మంట సిగ్గుకు లొంగేది కాదు.

వార్డులో ఆ తమ్ముడికి చెప్పాను. కంప్యూటర్ అంటే ఏమిటో, సున్నా దగ్గర షీటు ఎందుకు ఆగిందో, తెలిసీ ఆ సున్నాను నా వేలితో నేనే ఎలా కొట్టానో వీలైనంత వివరంగా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"అయితే మా ఊరికి సున్నా పెట్టింది ఎవరు?"

"నేనే."

"ఎందుకు పెట్టినవు?"

"కంప్యూటర్‌ల లెక్క అట్లనే మొదలైతది. మీది మొదటి ఊరు."

"మొదటి ఊరా?" అన్నాడు. "మొదటి ఊరైతే జీపు ముందుగల్ల మాకాడికే రావాలె గద సార్."

అతను కోపం తెచ్చుకోలేదు, అక్క నీళ్లడిగితే లేచి వెళ్లాడు.

సిస్టర్ ఆ ఫంక్షన్‌ను మార్చింది. ఎన్ని ఊళ్లో ముందే లెక్క చెప్పాలి, తర్వాత ఊళ్లు. షీటు అడుగున "మొత్తం ఊళ్లు అయిదు" అని పెద్ద అక్షరాల్లో వచ్చేట్టు చేసింది, డ్రైవర్ కూడా సరిచూసుకోవచ్చని. సూపర్‌వైజర్ కాగితం మీద కూడా అదే లెక్క రాయించి, రెండూ కలిస్తేనే జీపు కదలాలని పెట్టించింది. ఆ చివరిది నాకు ఎప్పటికీ తట్టేది కాదు. చూడగానే తెలిసింది అది మంచి పని అని. తెలిసి, ఆ రోజు కూడా అన్నం సహించలేదు.

ప్రతి బుధవారం జీపులో వెళ్లాను. చలికాలం, తర్వాత ఎండలు. ఏ ఊళ్లో దిగినా మొదటి ప్రశ్న ఒకటే. "సిస్టరమ్మ రాలేదా?" పద్నాలుగో ఊళ్లో అడిగేవాళ్లు, తొమ్మిదో ఊళ్లో అడిగేవాళ్లు. పిల్లలు జీపు వెనక భాగంలోకి తొంగి చూసి, నన్ను చూసి వెళ్లిపోయేవాళ్లు. ఆ ప్రశ్న ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం మాత్రం మానేశాను.

వాగవతలి ఊళ్లో ఆ మనిషి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని నా కోసం చూసేది. జీపు చప్పుడు ఆమెకు వినబడదు. దుమ్ము లేవడం చూసి చెంబుతో నీళ్లు తెచ్చుకునేది. నేను మాత్రలు చేతిలో పెట్టేవాణ్ణి, ఆమె మింగి నోరు తెరిచి చూపించేది. తమ్ముడు చెప్పినదంతా ఆమెకు అర్థమైందో లేదో నేను అడగలేదు. ఒకసారి మాత్రం ఆమె నా చెయ్యి వైపు చూసి, ఈ వేలేనా అన్నట్టు తన చూపుడు వేలు ఎత్తి చూపించింది. నేను తల ఊపాను. ఆమె మాత్ర మింగింది.

మార్చిలో సిస్టర్‌కు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ ఉద్యోగమే. వెళ్లే రోజు నా గదికి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టింది. చాలా మాట్లాడాలనుకున్నాను. "మంచిది" అన్నాను. "ఉంట సార్" అంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో ఆ మనిషి కోర్సు ముగిసింది. చివరి బుధవారం నేను వెళ్లేసరికి ఆ ఇంటి ముందు చుట్టుపక్కలవాళ్లంతా చేరి ఉన్నారు. మందు అయిపోతోందని వాళ్లకొక పండగలా ఉంది. ఆమె చివరి మాత్రలు మింగింది. నోరు తెరిచి చూపించింది. అందరూ నవ్వారు. ఆమె ఒళ్లు పట్టింది, మొహం తేరుకుంది. చెంబు కింద పెట్టి, తన గొంతు తనకు వినబడని మనుషులు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది.

"సిస్టరమ్మ ఏది? ఇయ్యాలన్న రాలేదేంది?"

"హైదరాబాద్ పోయింది" అన్నాను.

"ఏందీ?"

"హైదరాబాద్! ఉద్యోగం వచ్చింది!"

"ఉద్యోగం ఈడ ఉండె గద! ఎందుకు పోయింది?"

దగ్గరికి జరిగి చెవిలో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వినబడలేదు. తమ్ముడు మామిడికాయలు తెస్తానని వెళ్లాడు, పక్కన లేడు. ఊరంతా నా మొహమే చూస్తోంది. డ్రైవర్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

"ఆమె నాకంటె మంచిగ చేస్తది!" అని అరిచాను. "అందుకే పెద్ద ఉద్యోగం ఇచ్చిండ్రు!"

ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగింది. "ఏందీ? ఎవరు మంచిగ చేస్తరు?"

అదే మాట ఈసారి ఇంకా గట్టిగా అరిచాను.